యుద్ధకాలపు ఓడల దుమ్ము ఇప్పుడు మా అత్తగారి ఊపిరి తీస్తోందా?

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మేం వర్జీనియా తీరంలో ఉంటాం. మావారు అమెరికన్. మా అత్తగారికి 84 ఏళ్లు. మూడు నెలలుగా ఆయాసం, కుడిపక్క నొప్పి. రెండుసార్లు ఛాతీలోంచి నీరు తీశారు. బయాప్సీ చేసి మెసోథీలియోమా అనే క్యాన్సర్ అన్నారు. ఆవిడ సిగరెట్ ముట్టలేదు, ఫ్యాక్టరీ గడప తొక్కలేదు, స్కూల్ టీచరుగా రిటైరయ్యారు. వాళ్ల నాన్నగారు మాత్రం 1942 నుంచి 1958 దాకా ఇక్కడి షిప్‌యార్డులో పైపులకు ఆస్బెస్టాస్ తొడిగే పని చేశారట. డాక్టరు ఆ సంగతి అడిగిన రోజు నుంచి అత్తగారికి నిద్ర లేదు. "నాన్న మెట్లెక్కుతుంటే పరిగెత్తుకెళ్లి కాళ్లు చుట్టేసేదాన్ని" అని అదే మాట. లాయరును కలుద్దామంటే మావారి మేనమామ ఒప్పుకోవడం లేదు. "మా నాన్న దేశం కోసం ఓడలు కట్టాడు, ఆయన పేరు కోర్టుకెక్కిస్తారా" అంటున్నారు. ఆయనకు 76 ఏళ్లు, రోజుకో పెట్టె సిగరెట్లు. తాతగారి ట్రంకు పెట్టె మా అటక మీదే ఉంది, అందులో ఆయన పనిబట్టలు, బ్యాడ్జి ఉన్నాయట. పిల్లలు తెరుద్దామని గోల. అసలు పిల్లలకేమైనా ప్రమాదమా? కడప దగ్గర మా అమ్మానాన్నల ఇంటి వెనక రేకుల షెడ్డు ఉంది, ఇప్పుడు దాని గురించీ టెన్షన్ పట్టుకుంది. – ఒక కోడలు

జవాబు: అమ్మా, ముందు పిల్లల సంగతి చెప్పేస్తాను, ఈ రాత్రి మీరైనా నిద్రపోవాలి. ఇది అంటుకునే జబ్బు కాదు. పిల్లలు నాయనమ్మ పక్కన పడుకోవచ్చు, ఆవిడ కంచంలో తినొచ్చు. మీవారు పుట్టేసరికి తాతగారు ఆ పని మానేసి ఉంటారు కాబట్టి ఆయన గురించి కూడా నాకు పెద్ద భయం లేదు. అరుదుగా కొన్ని కుటుంబాల్లో బ్యాప్‌వన్ అనే జన్యువులో లోపం తరతరాలుగా వస్తుంది, అలాంటివాళ్లకు ఈ క్యాన్సర్ తేలిగ్గా పట్టుకుంటుంది. మీవారి వైపు ఇంకెవరికైనా మెసోథీలియోమా గానీ, కంటిలో మెలనోమా అనే క్యాన్సర్ గానీ వచ్చి ఉంటే డాక్టరుకు చెప్పండి, రక్తపరీక్షతో తేలిపోతుంది. ట్రంకు పెట్టె మాత్రం తెరవనివ్వకండి. దాని సంగతి చివర్లో చెబుతాను.

ఇన్నేళ్ల తర్వాత ఎలా వచ్చిందన్నది మీ ఇంట్లో అందరి మనసులోనూ ఉన్న ప్రశ్న. ఆస్బెస్టాస్‌ను మనవాళ్లు రాతినార అన్నారు, అంతకంటే మంచి పేరు లేదు. అది రాయే, కానీ నారలా చీలుతుంది. చీలిన కొద్దీ సన్నబడుతుంది, చివరికి కంటికి ఆనదు. అలా గాల్లో తేలే పోగు ఊపిరితో లోపలికి వెళ్తే, దాన్ని తినేయడానికి మన శరీరంలోని కాపలా కణాలు వస్తాయి. పోగు కణం కంటే పొడుగు. అవి దాన్ని మింగలేవు, వదల్లేవు. అక్కడే చచ్చి వాపు పుట్టిస్తాయి, వాటి చోటికి ఇంకొన్ని వస్తాయి. ఈ తంతు ఏళ్ల తరబడి, దశాబ్దాల తరబడి సాగుతుంది. కొన్ని పోగులు ఊపిరితిత్తిని చుట్టి ఉండే పల్చటి పొర దాకా చేరతాయి. అక్కడ మొదలయ్యేదే మెసోథీలియోమా. పోగు లోపలికి వెళ్లిన నాటి నుంచి జబ్బు బయటపడే దాకా సాధారణంగా 20 నుంచి 50 ఏళ్లు పడుతుంది, ఇంకా ఎక్కువ పట్టినవాళ్లూ ఉన్నారు. పసితనంలో పీల్చినవాళ్లకు ఈ గడువంతా ముందే ఉంటుంది కదా, అందుకే 84 ఏట బయటపడింది.

ఇక తాతగారి పని. రెండో ప్రపంచయుద్ధంలో అమెరికా షిప్‌యార్డుల్లో మొత్తం మీద 45 లక్షల మంది దాకా పనిచేశారని లెక్క. యుద్ధ సరుకులు మోసే లిబర్టీ ఓడలే 2,710 కట్టారు. ఆ కాలపు ఓడల్లో బాయిలర్లు, ఆవిరి పైపులు, ఆవిరి ఇంజన్లు లేదా టర్బైన్లు ఉండేవి. వాటి వేడి బయటికి రాకుండా రాతినార తొడగాలి. నేవీ ఓడల్లో ఎక్కువగా వాడింది దక్షిణాఫ్రికా నుంచి వచ్చే అమొసైట్ అనే గోధుమరంగు రకం. తేలిగ్గా ఉంటుంది, ఉప్పునీటికి తట్టుకుంటుంది. మెసోథీలియోమా తెచ్చిపెట్టడంలో అది తెల్ల రకం కంటే చాలా చెడ్డది.

పైప్ కవరర్ పని ఎలా ఉండేదో పాత కార్మికుల నోట విన్నాను. ఓడ అడుగున ఇంజన్ గది, గాలి ఆడదు. పైపు చుట్టూ అమరేలా అర్ధచంద్రాకారపు అచ్చులు ఉంటాయి, వాటిని చేతిరంపంతో కోయాలి. సంచీ చించి ఆస్బెస్టాస్ సిమెంటు బకెట్లో కుమ్మరించి నీళ్లు పోసి కలపాలి. ఆ కుమ్మరించే క్షణంలో లేచే తెల్లటి పొగలో పక్కమనిషి కనపడడట. అదే గదిలో వెల్డరు, ఎలక్ట్రీషియను, ఊడ్చే మనిషి, అందరూ అదే గాలి పీలుస్తారు. షిఫ్టు దిగేసరికి పిండిమరలో పనిచేసినవాడిలా తలా కనుబొమ్మలూ తెల్లగా ఉండేవట. స్నానానికి చోటు లేదు, బట్టలు మార్చుకోవడానికి గది లేదు. ఆ బట్టలతోనే బస్సెక్కి ఇంటికి. ఇంట్లో ఇల్లాలు చొక్కా పట్టుకుని పెరటి మెట్ల దగ్గర నాలుగుసార్లు గట్టిగా దులిపి ఉతుక్కి వేసేది.

నేను రెసిడెన్సీ చేసింది తూర్పు తీరంలోనే, ఒక రేవు ఊళ్లో. షిప్‌యార్డు నుంచి రిటైరైన ఒక పెద్దాయన భార్యను ఆస్పత్రికి తీసుకొచ్చాడు. ఆయన ఛాతీ ఎక్స్‌రేలో రాతినార పీల్చిన గుర్తులున్నాయి గానీ మనిషి గట్టిగానే ఉన్నాడు. ఆవిడకే ఛాతీలో నీరు, ఆవిడకే మెసోథీలియోమా. ఆ రోజు ఆయన నన్ను అడిగింది ఒక్కటే: "నా బట్టల మీది ఆ పొడి వల్లేనా డాక్టర్, నాకెవరూ చెప్పలేదే?" ముప్పై ఏళ్లు ఆవిడ ఆయన బట్టలు ఉతికింది. మీ ఉత్తరం చదువుతుంటే ఆయన చేతులే గుర్తొచ్చాయి.

ఎవరికి తెలుసు, ఎవరికి తెలియదు అన్నది మీ అత్తగారికి కచ్చితంగా చెప్పాల్సిన సంగతి. అందుకే తేదీలతో సహా రాస్తున్నాను. రాతినార దుమ్ము ఊపిరితిత్తుల్ని గట్టిపడేలా చేస్తుందని బ్రిటన్‌లో ప్రభుత్వ పరిశీలకులు 1930లోనే నివేదిక ఇచ్చారు, మరుసటేడు చట్టం చేశారు. 1935లో అమెరికాలో ఒక ఆస్బెస్టాస్ కంపెనీ అధిపతి ఇంకో కంపెనీ లాయరుకు ఉత్తరం రాస్తూ, ఈ సరుకు గురించి ఎంత తక్కువ మాట్లాడితే మనకంత మేలు అన్నాడు. ఆ ఉత్తరం దశాబ్దాల తర్వాత కోర్టుల్లో బయటపడింది. 1943 జనవరిలో నేవీ, ఓడల నిర్మాణం చూసే మారిటైమ్ కమిషన్ కలిసి యార్డులకు భద్రతా నియమాలు పంపాయి. వాటిలో ఆస్బెస్టాస్ పేరు పెట్టి మరీ ఉంది: కోత పని విడిగా చేయించాలి, దుమ్ము లాగే ఏర్పాటు ఉండాలి, లేదా ముక్కుకు రెస్పిరేటర్ ఇవ్వాలి, అప్పుడప్పుడూ వైద్యపరీక్ష చేయించాలి. అంటే తాతగారు పనిలో చేరిన మరుసటేడే ఆ కాగితం ఆఫీసుల బల్లల మీదికి వచ్చింది. ఇంజన్ గదిలోకి మాత్రం ఎక్కడా సరిగ్గా దిగలేదు.

అన్నిటికంటే నాకు బాధ కలిగించేది 1946లో వచ్చిన ఒక సర్వే. నేవీ ఓడల మీద పనిచేసే 1,074 మంది పైప్ కవరర్లకు ఎక్స్‌రేలు తీశారు. ఆస్బెస్టోసిస్, అంటే ఆ దుమ్ముతో ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బు, ముగ్గురిలోనే కనపడింది, ఆ ముగ్గురూ 20 ఏళ్లకు పైగా ఆ పనిలో ఉన్నవాళ్లు. మిగతావాళ్లలో నూటికి 95 మంది చేరి పదేళ్లు కూడా కాలేదు. ఆ జబ్బు కనపడడానికే 20 ఏళ్లు పడుతుంటే, నిన్నగాక మొన్న చేరినవాళ్లలో ఏం కనపడుతుంది? కానీ సర్వే తేల్చింది మాత్రం, ఇది దాదాపు ప్రమాదం లేని పని అని. ఆ మాట పట్టుకుని ఇంకా ఇరవై ఏళ్లు అదే దుమ్ములో పని సాగింది. 1964లో న్యూయార్క్ డాక్టరు ఇర్వింగ్ సెలికాఫ్ యూనియన్ పుస్తకాల్లోంచి 632 మంది ఇన్సులేషన్ కార్మికుల పేర్లు తీసి ఎవరు దేనితో పోయారో వెతికారు. ఊపిరితిత్తుల, దాని పొర క్యాన్సర్లతో ఆరేడుగురు పోవాల్సిన చోట 45 మంది పోయారు. మరుసటేడు లండన్‌లో ఇంకో పరిశోధన వచ్చింది. మెసోథీలియోమా రోగులు 76 మంది చరిత్రలు చూస్తే, అందులో 9 మంది ఆస్బెస్టాస్ పని ఏనాడూ చేయలేదు, వాళ్లింట్లో ఇంకొకరు చేశారు. ఎక్కువమంది భర్తల బట్టలు దులిపి ఉతికిన భార్యలే. బట్టల మీది దుమ్ము ఇంట్లోవాళ్లకు చేటు చేస్తుందని వైద్యలోకానికి గట్టిగా తెలిసింది అప్పుడు, 1965లో. తాతగారు పని మానేసి అప్పటికి ఏడేళ్లు.

ఇదంతా అత్తగారికి నెమ్మదిగా చెప్పండి. "పాత సంగతులు ఆలోచించకండి" అని మాత్రం అనకండి. ఆవిడకు నొప్పి పుట్టిస్తున్నది జబ్బొక్కటే కాదు, చిన్నప్పటి అతి తీపి జ్ఞాపకం చేదెక్కడం. ఆయన కూతుర్ని ఎత్తుకున్నాడు. ఏ తండ్రయినా ఎత్తుకుంటాడు. ఆ దుమ్ములో ఏముందో చెప్పాల్సినవాళ్లు చెప్పి ఉంటే, యార్డులో ఒక స్నానాల గది, బట్టలు ఉతికే ఏర్పాటు పెట్టి ఉంటే, ఆయన ఒళ్లు కడుక్కుని వచ్చి ఎత్తుకునేవాడు. ఆవిడ చెప్పుకోవాలనుకుంటే చెప్పనివ్వండి, ఎన్నిసార్లయినా సరే. ఇంకొకటి, ఆయన దేనితో పోయారో మీరు రాయలేదు. దగ్గు, ఆయాసంతో పోయారా అని అడగండి. మరణ ధ్రువపత్రం దొరికితే దాచండి.

వైద్యం సంగతికొస్తే, నిజం దాచను. ఇది పూర్తిగా నయమయ్యే జబ్బు కాదు. కానీ చేయడానికి చాలా ఉంది. బయాప్సీ రిపోర్టులో కణం రకం ఏమిటో అడగండి. ఎపిథీలియాయిడ్ అయితే కాస్త నెమ్మదిగా నడుస్తుంది. సార్కోమటాయిడ్ అయితే తొందర ఎక్కువ, దానికి కీమో కంటే ఇమ్యునోథెరపీ, అంటే మన రోగనిరోధక శక్తినే క్యాన్సర్ మీదికి ఉసిగొల్పే మందులు, బాగా పనిచేస్తోంది. నివోలుమాబ్, ఇపిలిముమాబ్ అనే రెండు మందుల జోడీకి అమెరికాలో 2020 అక్టోబరులో అనుమతి వచ్చింది. 84 ఏళ్ల మనిషి ఆ మందులకు తట్టుకుంటారా లేదా అన్నది వయసు చూసి కాదు, ఆవిడ ఇంట్లో ఎంత తిరుగుతున్నారు, గుండె, కిడ్నీలు ఎలా ఉన్నాయి అన్నవి చూసి తేలుస్తారు. ఈ జబ్బును తరచుగా చూసే పెద్ద సెంటర్‌లో ఒకసారి రెండో అభిప్రాయం తీసుకోండి. పెద్ద ఆపరేషన్ అని ఎవరైనా తొందరపెడితే మాత్రం ఈ వయసులో నేను ఒప్పుకోను.

నీరు మళ్లీ మళ్లీ చేరుతోంది కదా, ప్రతిసారీ సూది గుచ్చక్కర్లేదు. ఛాతీ పక్కన సన్నటి ట్యూబు అమర్చి పంపుతారు, ఇంట్లోనే మీరో నర్సో సీసాలోకి తీయొచ్చు. ఆయాసం తగ్గిన రోజున ఆవిడ ముఖం చూస్తే మీకే తెలుస్తుంది తేడా. పాలియేటివ్ కేర్ డాక్టరును మొదటి రోజు నుంచే పెట్టించుకోండి. మనవాళ్లకు ఆ మాట వినగానే ఆశ వదులుకున్నారని గుండె జారిపోతుంది. అది తప్పు. మందులు నడుస్తుండగానే నొప్పి, ఆయాసం, నిద్ర చూసుకునే డాక్టరు వాళ్లు. అత్తగారి నిద్ర సంగతి కూడా వాళ్లకే చెప్పండి.

ఇప్పుడు మేనమామగారు. మీరు ఆయన్ను గొడవపడే మనిషిగానే చూస్తున్నారు గానీ, ఈ ఉత్తరంలో నన్ను అత్తగారి తర్వాత ఎక్కువ కంగారు పెట్టింది ఆయనే. తాతగారు పని మానేసే నాటికి ఆయనకు తొమ్మిదేళ్లో ఎంతో ఉండి ఉండాలి. అంటే ఆయనా అదే ఇంట్లో, అదే దుమ్ములో పెరిగారు. మెసోథీలియోమాకు సిగరెట్‌తో సంబంధం లేదు. ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు మాత్రం రాతినార, సిగరెట్ కలిస్తే ప్రమాదం గుణించుకుంటూ పోతుంది. సెలికాఫ్ బృందం 1979లో ఇచ్చిన లెక్క ఇది: రెండూ లేనివాడితో పోలిస్తే రాతినార పనివాడికి ప్రమాదం 5 రెట్లు, సిగరెట్ తాగేవాడికి 11 రెట్లు, రెండూ ఉన్నవాడికి 53 రెట్లు. ఆ లెక్క పనిచేసినవాళ్లది, ఇంట్లో పీల్చినవాళ్లకు అంత ఉండదు. అయినా ఆయన ఈ వయసులో మానేసినా లాభమే. ఊపిరితిత్తుల క్యాన్సర్‌ను ముందే పట్టడానికి తక్కువ రేడియేషన్‌తో తీసే సీటీ స్కాన్‌ను పెద్దవాళ్ల ప్రభుత్వ బీమా మెడికేర్ 77 ఏళ్ల దాకానే ఇస్తుంది, ఆయనకు 76. ఈ నెలలోనే వాళ్ల డాక్టరుకు ఫోన్ చేసి, తండ్రి పని ఏమిటో చెప్పి స్కాన్ అడగమనండి. మీరు చెబితే కోపమొస్తుందేమో, అత్తగారి చేత చెప్పించండి. అక్క మాట కాదనరు.

ఆయన అభ్యంతరం చిన్నది కాదు. నాన్న పేరు మీద గౌరవం అది. కానీ ఈ కేసుల్లో ఎవరూ తాతగారిని వేలెత్తి చూపరు. దావా సరుకు అమ్మినవాళ్ల మీద, జాగ్రత్తలు పెట్టనివాళ్ల మీద. చాలా కంపెనీలు దివాలా తీసి, బాధితుల కోసం ట్రస్టులు పెట్టాయి. అందులో పెద్దదైన జాన్స్-మాన్‌విల్ 1982లో దివాలా తీసింది. చాలా ట్రస్టుల్లో కోర్టు మెట్లెక్కకుండా, కాగితాలతోనే క్లెయిమ్ పెట్టొచ్చు. బట్టల దుమ్ము వల్ల జబ్బుపడ్డ ఇంటివాళ్లు కూడా పెట్టొచ్చు. మీ రాష్ట్రంలో ఇంకో సంగతి ఉంది. 1942లో యార్డులో చేరిన ఒక కార్మికుడి కూతురికి ఇదే జబ్బు వస్తే, ఇంటివాళ్ల విషయంలోనూ యాజమాన్యానికి జాగ్రత్త తీసుకునే బాధ్యత ఉంటుందని వర్జీనియా సుప్రీంకోర్టు 2018లో తీర్పిచ్చింది. ఆ తీర్పు మేనమామగారి చేత చదివించండి. చివరికి కేసు వేయాలా వద్దా అన్నది మాత్రం ఆయనా మీరూ కాదు, జబ్బు మోస్తున్న అత్తగారు చెప్పాలి.

వెళ్లాలనుకుంటే ఆలస్యం చేయొద్దు. వర్జీనియాలో గడువు సాధారణంగా జబ్బు నిర్ధారణ అయిన నాటి నుంచి రెండేళ్లు. టీవీలో ప్రకటన చూసి మొదటి లాయరుకే సంతకం పెట్టేయకండి, ఇద్దరు ముగ్గురితో మాట్లాడండి. తాతగారు చేసింది ప్రైవేటు యార్డులోనా, నేవీ సొంత యార్డులోనా అన్నది ముందు తేల్చుకోండి, దారులు వేరు. సోషల్ సెక్యూరిటీ ఆఫీసులో అడిగితే ఏ ఏడు ఏ యజమాని దగ్గర జీతం తీసుకున్నారో పాత చిట్టా ఇస్తారు. నేవీ యార్డయితే సెయింట్ లూయిస్‌లోని ప్రభుత్వ రికార్డుల కేంద్రానికి రాయాలి. అన్నిటికంటే విలువైన సాక్ష్యం అత్తగారి జ్ఞాపకమే. బట్టలు ఎవరు ఉతికేవారు, ఎక్కడ దులిపేవారు, నాన్నతో పాటు వచ్చే స్నేహితుల పేర్లేమిటి. ఆవిడకు ఓపిక ఉన్న పూట, రోజుకో పావుగంట చొప్పున ఫోన్‌లో రికార్డు చేయండి. పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకోండి. ముత్తాత గురించి వినాలనే కదా వాళ్ల గోల.

కడప రేకుల షెడ్డు గురించి అంత టెన్షన్ అక్కర్లేదు. మీ జిల్లాలో పులివెందుల దగ్గర రాతినార తవ్విన సంగతి మీ నాన్నగారికి తెలిసే ఉంటుంది. రేకుల్లో వాడేది తెల్ల రకం, సిమెంటులో బిగుసుకుని ఉంటుంది. పగలని రేకు నెత్తిన ఉన్నంత మాత్రాన ఏమీ కాదు. పొడిగా రంపంతో కోయడం, డ్రిల్లు వేయడం, పగిలిన ముక్కల్ని ఊడ్చి దారిలో గుంతలకు వేయడం, ఇవీ వద్దనాల్సినవి. షెడ్డు మార్చే రోజొస్తే రేకులు నీళ్లతో బాగా తడిపి, పగలకొట్టకుండా దింపించమనండి. పని చేసేవాళ్లకు మంచి మాస్కులు మీ నాన్నగారే కొనివ్వాలి, వాళ్ల ఇళ్లల్లోనూ చిన్నపిల్లలుంటారు.

ఇక ట్రంకు పెట్టె. దుమ్ము పట్టిన పనిబట్టల్లో పోగులు 80 ఏళ్లయినా అలాగే ఉంటాయి, కుళ్లవు, అరగవు. తెరవకండి, కదిలించకండి, చుట్టుపక్కల ఊడ్చకండి, మామూలు వాక్యూమ్ అసలు పెట్టకండి. అటకను తాళం వేసి ఉంచి, ఆస్బెస్టాస్ తీసే లైసెన్సు ఉన్నవాళ్లను పిలవండి. అటక నేల మీద గులకరాళ్లలా మెరిసే పాత ఇన్సులేషన్ ఉంటే దాన్ని కూడా వాళ్లకు చూపించండి, 1990కి ముందు వేసిన అలాంటి సరుకులో రాతినార ఉండే అవకాశం ఎక్కువ. వాళ్లు పెట్టె తెరిచే ముందే ఒక మాట చెప్పి ఉంచండి, బట్టలతో పాటు బ్యాడ్జిని పారేయొద్దని. లోహపు బ్యాడ్జి అయితే తడిగుడ్డతో తుడిచి జిప్ కవర్లో పెట్టి ఇవ్వగలరు. దాని మీద తాతగారి ఫోటో, నంబరు ఉంటాయి. నంబరు లాయరు కోసం రాసుకోండి. బ్యాడ్జి అత్తగారికి ఇవ్వండి.